పెండింగు అన్న మాట దగ్గర

మా చిన్నబాపుకు రెండెకరాల పది గుంటల భూమి ఉంది (ఎకరానికి నలభై గుంటలు). హనుమకొండ నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్లో, చెరువు కింద కొంత, మెరక మీద కొంత. 2017లో రాష్ట్రమంతటా భూ రికార్డుల ప్రక్షాళన జరిగినప్పుడు ఆయన పేరున ఎకరం ముప్పై ఆరు గుంటలే ఎక్కింది. మిగిలిన పద్నాలుగు గుంటలు పాత పహాణీలో, అంటే ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే రికార్డులో ఉన్నాయి, మోకా మీద ఆయనే దున్నుతున్నాడు, హద్దు రాయి జానెడు కూడా కదలలేదు, కానీ కొత్త పాసుపుస్తకంలో మాత్రం అవి లేవు. వాటిని తిరిగి కాగితం మీదికి తెచ్చుకోవడానికి ఆయనకు మూడేళ్లకు పైగా పట్టింది. ఆ మూడేళ్లలో ఒక్క అధికారి కూడా ఆయనకు ‘కుదరదు’ అని చెప్పలేదు. ప్రభుత్వంలో అవినీతి తగ్గాలంటే ఏ సంస్కరణ కావాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ చివరి సంగతే.

ఆయన తన కాగితాలన్నీ పత్తి విత్తనాల కంపెనీ వాళ్లిచ్చిన ఒక సంచిలో పెట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు మా ఇంటికి వచ్చి వాటిని చాప మీద పరిచాడు. మీసేవ రసీదు, ఆధార్ జిరాక్సు, ఖాస్రా పహాణీ నకలు, చుట్టుపక్కల రైతులు సంతకాలు చేసిన పంచనామా. మీసేవ రసీదు వెనుక ఆయన బాల్‌పెన్నుతో తేదీలు రాసుకున్నాడు, ఒక్కో తేదీ పక్కన ఆ రోజు ఆఫీసులో దొరికిన జవాబు. ‘సారు మీటింగు’, ‘సర్వర్ లేదు’, ‘ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) లీవు’, ‘రిపోర్టు పోలే’, ‘పెండింగు’, మళ్లీ ‘పెండింగు’. లెక్కపెడితే ముప్పై ఒక్క తేదీలున్నాయి. ముప్పై రెండోసారి వెళ్లినప్పుడు ఆఫీసు ఎదుట జిరాక్సు షాపులో కూర్చునే మనిషి ఎనిమిది వేలు అడిగాడు, ఆరుకు ఒప్పుకున్నాడు. పత్తి అమ్మిన పైసల్లోంచి చిన్నబాపు ఇచ్చాడు. పదకొండో రోజు రిపోర్టు పైకి వెళ్లింది.

ఆ సంగతి విన్నప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. 1064కు ఫోన్ చేస్తే ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) వాళ్లు వచ్చి పట్టుకునేవాళ్లు కదా, ముందే నాకెందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఆయన తొణకకుండా, “ఫోన్ జేస్తె ఆయనను పట్కపోతరు బిడ్డా, మంచిదే. రేపు నేను మళ్ల ఆ కిటికి కాడికే పోవాలె గద. నా కాగితం ఎవలు ముట్టుకుంటరు?” అన్నాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నమే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కింది స్థాయిలో ప్రజలు ఇస్తున్న లంచంలో ఎక్కువ భాగం తప్పుడు పని చేయించుకోవడానికి ఇస్తున్నది కాదు, న్యాయంగా తమకు రావలసిన పని కదలడానికి ఇస్తున్నది. దరఖాస్తును ఒప్పుకోవడానికి గడువు లేకుండా, తిరస్కరిస్తే కారణం రాసే బాధ్యత లేకుండా, ఫైలును ఊరికే పక్కన పెట్టుకునే స్వేచ్ఛ అధికారికి ఉన్నంతకాలం మనం ఎన్ని దాడులు చేసినా, ఎన్ని పోర్టళ్లు పెట్టినా ఆ డబ్బు చేతులు మారుతూనే ఉంటుంది. కాబట్టి సంస్కరణ అన్నది మొదట ఆ మౌనం మీద పడాలి.

ఏసీబీ పని అక్కర్లేదని నేను అనడం లేదు. ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లు, ఆ నోట్లు ముట్టుకున్న వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగుకు తిరిగే ద్రావణం, మరునాడు జిల్లా పేజీలో ఫోటో: ఈ దృశ్యం మన వరంగల్ పాఠకులకు కొత్త కాదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం తీసుకున్నవారికి ఇప్పుడు మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆ శిక్ష చాలదని ఎవరూ అనలేరు. అయితే కేసు కోర్టులో నిలబడాలంటే ఆ అధికారిని తొలగించే అధికారం ఉన్నవారి అనుమతి ముందుగా కావాలి. అనుమతిపై మూడు నెలల్లో, మహా అయితే ఇంకో నెలలో తేల్చాలని 2018 సవరణ చెబుతోంది గానీ, తేల్చకపోతే ఏమవుతుందో చెప్పలేదు. సామాన్యుడి ఫైలుకు పట్టిన పెండింగు జబ్బే ఇక్కడా ఉంది. అదే సవరణ లంచం ఇచ్చినవారిని కూడా నేరస్థులను చేసింది. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి, అప్పుడే రక్షణ. ఈ ఏడు రోజుల సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిసినా, ఏడు రోజులంటే ఫైలు ఇంకా ఆ బల్ల మీదే ఉండే కాలం. చిన్నబాపు భయం తెలిసిన మనిషి ఎవరూ ఈ నిబంధన రాసి ఉండరు.

మనిషిని తీసేస్తే లంచం పోతుందన్న నమ్మకం మన దగ్గర చాలా పాతది. నిజాం కాలం నుంచి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఊరి భూముల మీద ఎంత పెత్తనం చేశారో మా తాతల తరం కథలు కథలుగా చెప్పేది. భూముల లెక్కలుండే దస్తరం పట్వారీ ఇంట్లో ఉండేది, అందులో ఏముందో ఆయనకే తెలిసేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఊళ్లు పండుగ చేసుకున్నాయంటే అందులో అతిశయోక్తి లేదు. తర్వాత మండలాలు వచ్చాయి, వేరే పేర్లతో గ్రామాధికారులు వచ్చారు, చివరకు వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) వచ్చారు. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను కూడా అవినీతి కారణం చూపే రద్దు చేశారు, అక్టోబరు చివర ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల పోర్టల్ మొదలైంది. ఇప్పుడు మళ్లీ గ్రామ పాలన అధికారులు వచ్చారు. నలభై ఏళ్లలో ఒకే కుర్చీని రెండుసార్లు తీసేసి మళ్లీ వేసుకున్నామంటే, సమస్య ఆ కుర్చీలో లేదని ఒప్పుకోవడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ధరణి విషయంలో న్యాయంగా మాట్లాడాలి. వివాదం లేని భూమి అమ్మినప్పుడు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే చోట, ఒకే రోజున అయిపోవడం చిన్న మేలు కాదు. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో చేయించుకుని, పేరు మార్పిడి కోసం ఇంకో ఆఫీసు చుట్టూ నెలలు తిరిగేవాళ్లం. కానీ రికార్డులో తప్పు పడినవారికి ఆ పోర్టల్ మూసిన తలుపు అయింది. వివాదం ఉందని పార్ట్ బి జాబితాలో పడ్డ భూములు, విస్తీర్ణం తగ్గిన పాసుపుస్తకాలు, నిషేధిత జాబితాలో పొరపాటున చేరిన సర్వే నంబర్లు: వీటికి మండలంలో అప్పీలు లేదు, సివిల్ కోర్టుకు పోవాలన్నారు. తర్వాత పోర్టల్‌లో ఒక్కో రకం దరఖాస్తుకు ఒక్కో మాడ్యూలు తెచ్చి అధికారం కలెక్టర్ దగ్గర పెట్టారు. చిన్నబాపు దరఖాస్తు వెళ్లింది టీఎం 33 అనే మాడ్యూలులోనే. సంతకం కలెక్టర్‌దే కావచ్చు, కానీ ఆ సంతకానికి ఆధారమైన రిపోర్టు రాయవలసింది మళ్లీ ఆ మండల ఆఫీసే. కంప్యూటర్ తెర మీద ‘పెండింగు’ అని కనిపించేది గానీ ఎవరి బల్ల మీద, ఏ తేదీ నుంచి, ఏ కారణం చేత అన్నది రైతుకు కనిపించేది కాదు. దస్తరం పట్వారీ ఇంట్లో ఉన్ననాటికీ దీనికీ రైతు వైపు నుంచి చూస్తే పెద్ద తేడా లేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. 2018 మే నెలలో హుజూరాబాద్ మండలంలో రైతుబంధు ప్రారంభమైంది, అదే ఏడాది ఆగస్టు 15 నుంచి రైతుబీమా వచ్చింది. రెండూ మంచి పథకాలే. కానీ పంటకు ఎకరానికి నాలుగు వేలు, రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు అన్నవి పాసుపుస్తకానికి ముడిపడగానే ఆ పుస్తకంలోని ఒక్కో గుంటకు విలువ పెరిగింది, దానితోపాటు ఆ గుంటను ఎక్కించే సంతకానికీ వెల పెరిగింది. సంక్షేమ పథకం తెచ్చే ప్రతి ప్రభుత్వం దానికి అర్హత పత్రం ఇచ్చే కిటికీ దగ్గర ఏం జరగబోతుందో కూడా ఆ రోజే ఆలోచించాలని నేను కోరేది ఇందుకే.

2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. అప్పీలుకు తావిచ్చింది కాబట్టి దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే ఒక్క భూమికే కాదు, కుల ధ్రువీకరణ నుంచి నల్లా కనెక్షన్ దాకా ప్రభుత్వం ఇచ్చే ప్రతి సేవకూ వర్తించే ఒక సమగ్రమైన హామీ చట్టం కావాలి. ఇది ఎక్కడా లేని ఊహ కాదు. మధ్యప్రదేశ్ 2010లోనే సేవల హామీ చట్టం చేసింది, మరుసటి ఏడాది బీహార్ చేసింది. అంత దూరం పోనక్కర్లేదు. మన రాష్ట్రంలోనే 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం భవన నిర్మాణ అనుమతి 21 రోజుల్లో రాకపోతే వచ్చినట్టే లెక్క. అంటే, గడువు దాటితే మౌనం అంగీకారమవుతుందన్న సూత్రం మన శాసనసభకు తెలుసు. హనుమకొండలో అపార్టుమెంటు కట్టే బిల్డరుకు దక్కిన ఆ సూత్రం, పద్నాలుగు గుంటల కోసం ముప్పై రెండుసార్లు తిరిగిన రైతుకు ఎందుకు దక్కకూడదన్నది నా సూటి ప్రశ్న.

భూమి విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరమని ఒప్పుకుంటాను. గడువు దాటగానే హక్కు దానంతట అదే మారిపోతే, అధికారిని మౌనంగా ఉంచడానికే లంచమిచ్చి పక్కవాడి గుంటలు కాజేసేవాళ్లు పుడతారు. అన్నదమ్ముల వాటాలు, సాదాబైనామాలు (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు), కౌలు గొడవలు ఉన్నచోట ఇది ప్రమాదం. కాబట్టి భూమి ఫైలు గడువు దాటితే మంజూరు కావడం కాకుండా, ఆలస్యం చేసిన అధికారి పేరుతో, ఆలస్యమైన రోజుల లెక్కతో, దరఖాస్తుదారు అడగకుండానే పై అధికారి బల్ల మీదికి చేరాలి. తిరస్కరిస్తే ఏ కాగితం లేదో, ఏ నిబంధన అడ్డమో నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి చేతికివ్వాలి. ఆలస్యానికి జీతంలోంచి కోత పడాలి. ఇందుకు నమూనా సమాచార హక్కు చట్టంలోనే ఉంది: 30 రోజుల్లో జవాబివ్వకపోతే రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా ఆ అధికారి సొంతంగా కట్టాలి.

నమూనా ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా ఆ చట్టమే మనకు నేర్పింది. మన దగ్గర గ్రామ స్థాయిలో సమాచారం అడగడానికి రుసుమే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. ఇంత సులువైన హక్కును ఎలా నిర్వీర్యం చేశారంటే, అప్పీలు వినవలసిన రాష్ట్ర సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనర్ కూడా లేడు. చట్టాన్ని రద్దు చేసి ఉంటే ఊరూరా గొడవయ్యేది. కుర్చీలు ఖాళీగా ఉంచితే ఎవరూ పట్టించుకోలేదు. ఇందులో ఒక పార్టీని అనడం లేదు, ఆ కాలంలో ప్రభుత్వం మారింది, ఖాళీ మాత్రం అలాగే కొనసాగింది. అందువల్ల కొత్తగా వచ్చే ఏ హామీ చట్టంలోనైనా అప్పీలు వినే పదవి ఖాళీ అయిన ఇన్ని రోజుల్లో నింపాలన్న గడువు ప్రభుత్వానికే పెట్టాలి. అధికారులు, ప్రజాప్రతినిధుల మీద ఫిర్యాదులు విచారించే లోకాయుక్త సంగతీ అంతే. 1983 చట్టంతో వచ్చిన ఆ సంస్థ సిఫారసు చేయగలదు తప్ప అమలు చేయించలేదు.

జీతాలు పెంచితే లంచం తగ్గుతుందని వాదించే మిత్రులున్నారు. రాష్ట్రం వచ్చాక ఉద్యోగులకు 2015లో 43 శాతం, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చారు. అది వారి హక్కు, కష్టపడి పనిచేసే లక్షలమందికి న్యాయంగా దక్కింది. దానివల్ల కిటికీ దగ్గర రేటు తగ్గినట్టు మాత్రం నేను చూడలేదు. ఈ వాదనలో నాకు నిజమనిపించేది ఒక్కటే, ఫైలును తెర మీద కదిలించే కంప్యూటర్ ఆపరేటరు చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి, చాలీచాలని జీతం. ఆయన చేతిలో అంత కీలకమైన పని పెట్టి ఆయనను గాలికి వదిలేయడం ప్రభుత్వమే చేస్తున్న తప్పు.

రెవెన్యూలో నాయబ్ తహసీల్దారుగా పనిచేసే నా చిన్ననాటి స్నేహితుడు నా వాదన విని నొచ్చుకున్నాడు. రిజిస్ట్రేషన్లు, ధ్రువపత్రాలు, ఎన్నికల పని, వడ్ల కొనుగోలు కేంద్రాలు, మంత్రిగారి పర్యటన అన్నీ ఒకే ఆఫీసు మీద వేసి, మళ్లీ గడువు దాటితే కోత వేస్తామంటే ఎట్లా అన్నాడు. ఆ మాట న్యాయమైనదే, గడువుతోపాటు మనుషులను కూడా ఇవ్వాల్సిందే. కానీ ఆయనే ఇంకో మాట చెప్పాడు. సగం ఫైళ్లు ఆగేది పని ఎక్కువై కాదట, “ఇప్పుడే వద్దు, నేను చెప్పేదాకా ఆపు” అన్న ఫోన్ వల్లనట. ఆ ఫోన్‌కు రికార్డు ఉండదు, నింద మాత్రం బల్ల దగ్గరున్నవాడిది. నోటి ఆదేశాల మీద పనిచేయకూడదని, వాటిని రాతలో పెట్టాలని, సివిల్ సర్వీసు అధికారులకు నిర్ణీత పదవీకాలం ఉండాలని సుప్రీంకోర్టు టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో 2013లోనే చెప్పింది. ఆ రక్షణ మండల ఆఫీసు దాకా దిగిరావాలి. ఆలస్యానికి కారణం రాయాలన్న నియమం వస్తే నిజాయితీగల అధికారికే ముందు మేలు జరుగుతుంది; ఫోన్ చేసినవారితో “కారణం ఏమని రాయమంటారు సార్” అని అడగగలుగుతాడు.

ఇక ఆ ఫోన్ చేసేవారి సంగతి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు పరిమితే లేదు. 2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉప ఎన్నిక వేళ తమకు డబ్బు అందలేదని ఓటర్లు రోడ్డెక్కిన దృశ్యాలు దేశమంతా చూసింది. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేయడం మంచి మలుపే, కానీ బాండ్లు పోయినా ఊళ్లో ఓటుకు డబ్బు పెట్టిచ్చే కవరు పోలేదు. సర్పంచి లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచి అభ్యర్థి లక్షన్నరకు మించి ఖర్చు పెట్టకూడదు. గౌరవ వేతనం నెలకు 6,500, అంటే ఐదేళ్లకు మూడు లక్షల తొంభై వేలు. పరిమితికి ఎన్ని రెట్లు పెడుతున్నారో ప్రతి వాడకట్టుకూ తెలుసు. ఆ తేడా ఎక్కడినుంచి పూడుతుందని ఓటు వేసే ముందు అడగని మనం, తర్వాత సీసీ రోడ్డు పెచ్చులూడినప్పుడు అడుగుతున్నాం. డబ్బు తీసుకున్న ఓటరుదే తప్పంతా అనే వాదన మాత్రం నేను ఒప్పుకోను. ఐదేళ్లలో ఆఫీసు నుంచి ఏదీ సులువుగా దక్కని మనిషి, చేతికి సులువుగా వచ్చే ఆ ఒక్క కవరునూ తీసుకుంటున్నాడు. పార్టీ ఖర్చుకు పరిమితి పెట్టకుండా ఓటరుకు నీతి చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నాకు గట్టి నమ్మకం కలిగించిన సంస్కరణ ఒకటి నేను కళ్లారా చూశాను. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచే మొదలైంది, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. కొన్నేళ్ల కిందట మా పక్క ఊళ్లో అలాంటి గ్రామసభ జరిగింది. మర్రిచెట్టు కింద బెంచీ వేసి, తనిఖీకి వచ్చిన పిల్లలు మస్టరు రోల్లోని, అంటే కూలీల హాజరు పట్టీలోని పేర్లను ఒక్కొక్కటిగా చదువుతున్నారు. చెరువు పూడిక తీసినవారి జాబితాలో ఒక పేరు రాగానే వెనుక నుంచి ఒక ముసలమ్మ లేచి, “మా పిల్లగాడు భీవండిల సాంచెలు నడుపవట్టె, ఈడ మన్నెట్ల తవ్విండు?” అంది. మహారాష్ట్రలో మరమగ్గాలు నడిపే మనిషి పేరు అది. సభ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది, తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు లేచారు. ఆ సాయంత్రానికి పదకొండు దొంగ పేర్లు తేలాయి. తేలిన సొమ్మంతా వసూలైందని చెప్పలేను, వసూలు దగ్గర ఈ వ్యవస్థ బలహీనమే. కానీ ఆమె భయపడలేదన్నది నేను మరిచిపోలేని విషయం. ఫోన్‌లో ఒంటరిగా ఫిర్యాదు చేయవలసి ఉంటే ఆమె చేసి ఉండేది కాదు. ఊరంతా కూర్చున్నచోట కాగితం గట్టిగా చదివారు కాబట్టి ఆమె మాట ఫిర్యాదులా కాక మామూలు మాటలా బయటికొచ్చింది.

చిన్నబాపు ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇక్కడే ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి రెండు నెలలకూ గ్రామసభ జరగాలి. చాలా ఊళ్లలో అది రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకోవడంతో ముగుస్తోంది. ఆ సభలోనే ఊరి పెండింగు జాబితా చదవాలన్నది నా ప్రతిపాదన. ఈ ఊరి నుంచి ఏయే దరఖాస్తులు, ఏ తేదీన ఇచ్చినవి, ఇప్పుడు ఏ హోదా అధికారి దగ్గర, ఎన్ని రోజులుగా ఉన్నాయన్నది మండల ఆఫీసు పంపాలి, పంచాయతీ కార్యదర్శి పైకి చదవాలి. దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, అడగకముందే సమాచారం వెల్లడించాలన్న బాధ్యత సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్లోనే ఉంది. జాబితాలో నలభై పేర్లున్నప్పుడు ఏ ఒక్కరినీ వేలెత్తి చూపి కాగితం పక్కన పడేయడం కుదరదు. ఎవరూ ఫిర్యాదుదారు కారు, అందరూ దరఖాస్తుదారులే.

వచ్చే గ్రామసభలో పెట్టడానికి ఒక తీర్మానం రాశాను. పంచాయతీ కార్యదర్శికి సోమవారం ఇస్తాను. మొన్న ఆదివారం దాన్ని చిన్నబాపుకు చదివి వినిపించాను. ఆయన పద్నాలుగు గుంటలు నిరుడే పాసుపుస్తకంలో ఎక్కాయి, ఆయనకిప్పుడు ఆ ఆఫీసుతో పని లేదు. అయినా లోపలికి వెళ్లి ఆ పత్తి విత్తనాల సంచి తెచ్చి, మీసేవ రసీదు తీసి నా చేతిలో పెట్టి, “ఎనక రాసిన తారీకులు గూడ దాంట్లె ఎక్కియ్యి బిడ్డా, ఎన్నిసార్లు తిప్పుకున్నరో సభల సదవాలె” అన్నాడు.